కార్ఖానా గేటుకు ఇవతల

బొల్లారం అనగానే హైదరాబాదు వాళ్లు "ఏ బొల్లారం?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలోనే కొంత చరిత్ర ఉంది. ఒక బొల్లారం సికింద్రాబాదు కంటోన్మెంటును ఆనుకొని ఉంటుంది. తెల్లదొరల దండు దిగిన చోటు అది. రాష్ట్రపతి నిలయం అక్కడే, రైలు స్టేషనూ అక్కడే. రెండో బొల్లారం పాత మెదక్ జిల్లా జిన్నారం మండలంలోని ఒక పల్లె. 1970ల చివరి నుంచి అక్కడ మందుల కర్మాగారాలు, రసాయనాల కర్మాగారాలు వెలిశాయి. మొదటి బొల్లారానికి విశేషణం అక్కరలేదు. రెండోదాన్ని మాత్రం "ఐడిఏ బొల్లారం" అనాలి. పారిశ్రామికాభివృద్ధి ప్రాంతమన్న మాటకు ఇంగ్లీషులో ఉన్న ఆ మూడు పొడి అక్షరాలు ఆ ఊరికి ఇంటిపేరయి కూర్చున్నాయి. ఈ వ్యాసం ఆ రెండో బొల్లారానికి పోయే దారి గురించి.

సాహిత్య పత్రికలో రోడ్డు గురించి, ట్రాఫిక్ గురించి వ్యాసమేమిటని పాఠకులకు సందేహం రావచ్చు. మన కార్మిక కథలను ఒకసారి గుర్తుచేసుకోండి. కథ ఎక్కడ మొదలవుతుంది? చాలా కథల్లో సైరన్ దగ్గర. సైరన్ మోగుతుంది, గేటు తెరుచుకుంటుంది, కార్మికుడు లోపలికి నడుస్తాడు. తరువాత యంత్రం, ఫోర్‌మన్, ప్రమాదం, సంఘం, సమ్మె. కథ ముగిసేసరికి మళ్లీ గేటు దగ్గరికే వస్తాం, ఈసారి ఎర్రజెండాతో. ఈ నిర్మాణాన్ని తప్పుపట్టడం లేదు. వర్గ వైరుధ్యం ముఖాముఖి నిలబడేది అక్కడేనని మన పెద్దలు సరిగానే గ్రహించారు. కాని ఆ మనిషి గేటు దగ్గరికి ఎలా వచ్చాడు? ఎన్ని గంటలకు లేచాడు? ఎన్ని బండ్లు మారాడు? వాటికి ఎంత ఇచ్చాడు? ఈ ప్రశ్నలకు మన కథల్లో జవాబు అరుదు. మధ్యతరగతి గుమాస్తా బస్సు ప్రయాణం మీద మనకు హాస్య కథలున్నాయి, జాలి కథలున్నాయి. కార్మికుడు మాత్రం గేటు ముందు మొలకెత్తినట్లు ప్రత్యక్షమవుతాడు.

లెక్క కోసం ఒక మనిషిని ఊహించుకుందాం. కాంట్రాక్టు కార్మికుడు. కాపురం జగద్గిరిగుట్టలో, పని బొల్లారంలోని ఒక మందుల కర్మాగారంలో. మొదటి షిఫ్టు ఉదయం ఆరింటికి. నాలుగింటికి లేవాలి. బస్తీ దిగి పెద్ద రోడ్డు దాకా నడక, అక్కడినుంచి షేర్ ఆటో, చౌరస్తాలో దిగి మరో ఆటో, చివర మళ్లీ నడక. పోను గంటన్నర, రాను గంటన్నర అనుకొంటే రోజుకు మూడు గంటలు. నెలకు 26 పనిదినాలయితే 78 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టు లెక్కన ఇది పది షిఫ్టులకు రెండు గంటలు తక్కువ. అంటే ప్రతి నెలా ఆ మనిషి దాదాపు పది షిఫ్టుల కాలాన్ని రోడ్డు మీద ఖర్చు చేస్తున్నాడు. ఆ కాలానికి కూలి లేదు. లేకపోగా ఆటో కిరాయి ఎదురు ఇచ్చుకోవాలి. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి, ఎనిమిది గంటలు సొంతానికి అన్న నినాదం కోసం 1886లో షికాగో కార్మికులు వీధుల్లోకి వచ్చారు. ఆ మూడో ఎనిమిది గంటల్లో సింహభాగాన్ని నేడు చౌరస్తాలు మింగుతున్నాయి. అది చాలనప్పుడు నిద్రలోంచి కోసుకుంటున్నాయి. గుత్తేదారు ఇచ్చే కూలిని గంటలతో భాగించేటప్పుడు మనం ఎనిమిదితో భాగిస్తున్నాం. పదకొండుతో భాగించి చూడండి.

ఇంత దూరం ఎలా ఏర్పడింది? ఇది ప్రకృతి పెట్టిన దూరం కాదు గనుక ఏర్పరచిన క్రమాన్ని చూడవచ్చు.

1960లలో హైదరాబాదు చుట్టూ ప్రభుత్వరంగ కర్మాగారాలు వచ్చాయి. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్ వైపు ఐ.డి.పి.ఎల్. కర్మాగారంతో పాటు క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఆటస్థలం కూడా కట్టారు. రామచంద్రాపురం టౌన్‌షిప్‌లో కాపురమున్న కార్మికుడు సైకిల్ మీద పనికి పోయి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం తిని పోగలిగేవాడు. ఆ క్వార్టర్లలోనూ గ్రేడుల వారీ అంతస్తులున్నాయి, క్యాజువల్ కార్మికులకు చోటు లేదు, అదంతా నిజమే. అయినా కార్మికుడన్నవాడు రాత్రికి ఎక్కడో ఒకచోట పడుకోవాలన్న స్పృహ ఆ పథకంలో ఉంది. తరువాతి కాలంలో 1984లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం వచ్చినప్పుడు కూడా పక్కన టౌన్‌షిప్ వచ్చింది.

బొల్లారం పుట్టుక వేరు. 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏర్పడింది. ఇక ప్రభుత్వం కర్మాగారం కట్టదు. భూమి సేకరించి, ప్లాట్లు కొట్టి, రోడ్డు వేసి, కరెంటు ఇస్తుంది. కట్టేది ప్రైవేటు పెట్టుబడి. మెదక్ వెనుకబడిన జిల్లా గనుక రాయితీలున్నాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచి ప్రధాని కావడంతో ఆ వైపు వచ్చే పరిశ్రమలకు ఊపు హెచ్చింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం - వరుసగా పారిశ్రామికవాడలు లేచాయి. ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు కొందరు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. ఈ వాడల పటాల్లో కర్మాగారానికి ప్లాటుంది, లారీకి రోడ్డుంది, కార్మికుడి ఇంటికి గీత లేదు. భూమి పోయిన రైతు కొడుకు పక్క ఊరినుంచి సైకిల్ మీద వస్తాడులే అనుకొన్నారో, ఏమీ అనుకోలేదో! వచ్చినవాళ్లు కొందరు ఊళ్లోనే ఇరుకు గదులు అద్దెకు తీసుకొన్నారు. నేడు ఆ గదుల్లో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ కూలీలు వంతులవారీగా నిద్రపోతున్నారు. ఒకడు షిఫ్టుకు పోతే అతని చాప మీద షిఫ్టు దిగినవాడు పడుకుంటాడు. పెళ్లాం పిల్లలున్నవారు, పిల్లలకు బడి కావాలనుకొన్నవారు నగరపు అంచు బస్తీల్లో ఉండి రోజూ రోడ్డెక్కుతున్నారు. కర్మాగారం పక్కన ఉంటే విషపు గాలి, దూరంగా ఉంటే దారి ఖర్చు. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవడమే అక్కడి కార్మికుడికి మిగిలిన స్వేచ్ఛ.

కర్మాగారం బొల్లారానికి పోయింది గాని కార్యాలయం పోలేదు. డాక్టర్ రెడ్డీస్, అరబిందో వంటి సంస్థలకు బొల్లారంలో ఉత్పత్తి కేంద్రాలున్నాయి. ప్రధాన కార్యాలయాలు మాత్రం నగరంలోనే. చేతులు బొల్లారంలో, తలకాయ బంజారాహిల్స్‌లో. దీనికి కారణాలు తేలిక. రసాయనాలకు చవక భూమి, వ్యర్థాలు వదలడానికి వాగు కావాలి. పటాన్‌చెరు ప్రాంతపు నక్కవాగు ఈ సేవ చేసి చచ్చిపోయింది. కార్యాలయానికి బ్యాంకు, మంత్రి, విమానాశ్రయం, మంచి వాసన కావాలి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితా వేసినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం అందులో ఉంది. లాభనష్టాల లెక్క చూసే గదికీ, ఆ లాభం పుట్టే గదికీ మధ్య ఇరవై ముప్ఫై కిలోమీటర్లు. ఈ దూరం యాజమాన్యానికి సౌకర్యం, కార్మికుడికి శిక్ష.

ఇక్కడ ఎంగెల్స్‌ను తలచుకోవాలి. 1845లో అచ్చయిన "ఇంగ్లండులో శ్రామికవర్గ స్థితిగతులు" గ్రంథంలో ఆయన మాంచెస్టర్ నగరాన్ని వర్ణించాడు. నగరం నడిబొడ్డున అరమైలు పొడవు, అరమైలు వెడల్పున కార్యాలయాలు, గిడ్డంగులు. పగలు జనం, రాత్రి నిర్జనం. దాని చుట్టూ పట్టీలా శ్రామికుల వాడలు. వాటికి ఆవల ధనికుల తోటలు, భవనాలు. ధనికుడు తన భవనం నుంచి గుర్రపు బస్సులో కార్యాలయానికి శ్రామికవాడల నడుమ నుంచే పోతాడు, కాని ఆ వాడలు అతని కంటపడవు. ఎందుకంటే దారికి రెండు పక్కలా అంగళ్లు బారులు తీరి ఉంటాయి. ఆ అంగళ్ల ముఖాలు వెనక ఉన్న మురికిని కప్పుతాయి. రోజూ పనికి పోయి వచ్చే ఒక దారిని చదివి, ఒక నగరపు వర్గ నిర్మాణాన్ని ఎలా బయటపెట్టవచ్చో ఇరవై నాలుగేళ్ల యువకుడు చేసి చూపించాడు. అప్పటికి అతని చేతిలో ఉన్న పరికరాలు కాళ్లూ కళ్లే. మన కథకులకు ఆ అధ్యాయం ఏ కథానికా శిల్ప గ్రంథం కన్నా తక్కువ పాఠం కాదు.

మాంచెస్టర్‌ను యథాతథంగా ఇక్కడికి తెచ్చి అతికిస్తే పొరపాటవుతుంది. హైదరాబాదులో నడిబొడ్డే కదిలింది. ఒకప్పుడు కార్యాలయాలంటే ఆబిడ్స్, లక్డీకాపూల్, సచివాలయం. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత కార్యాలయాల కేంద్రం పడమటికి జరిగింది. మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం. అక్కడి ఉద్యోగులకు ఇళ్లు కావాలి. ఆ గిరాకీ మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి, అమీన్‌పూర్‌ల మీదుగా పొంగి బొల్లారం అంచును తాకింది. నిన్నటి దాకా విషపు వాడగా పేరుపడ్డ చోటికి కూతవేటు దూరంలో అపార్టుమెంట్లు లేచాయి. ఆ అపార్టుమెంట్ల వారు రాత్రిపూట రసాయనాల కంపు వస్తోందని ఫిర్యాదులు చేస్తున్నారు. ఫిర్యాదు న్యాయమైనదే. ఆ కంపును ఊళ్లవాళ్లు నలభై ఏళ్లుగా పీలుస్తున్నారన్న సంగతి పత్రికలకు అపార్టుమెంట్లు వచ్చిన తరువాత గాని అంతగా పట్టలేదు. బొల్లారం 2018లో పురపాలక సంఘమైంది. 2025 నవంబరులో శివారు పురపాలికలు 27ను హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలపాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు ఆ జాబితాలో బొల్లారం, అమీన్‌పూర్, తెల్లాపూర్ ఉన్నాయి. ఊరు నగరం దగ్గరికి పోలేదు, నగరమే ఊరి మీదికి వచ్చింది.

కాబట్టి మియాపూర్–బాచుపల్లి దారి మీద ఉదయం పూట రెండు ప్రవాహాలు కనిపిస్తాయి. అపార్టుమెంట్ల నుంచి కార్లు, మోటారు సైకిళ్లు దక్షిణంగా మాదాపూర్ వైపు. బస్తీల నుంచి ఆటోలు, కంపెనీ బస్సులు ఉత్తరంగా బొల్లారం వైపు. ప్రవాహాలు ఎదురెదురు గనుక రోడ్డు రెండు సగాలూ సమంగా నిండాలి, చిక్కు రాకూడదు. మరి ఎందుకు వస్తుంది? చిక్కు పడేది సాఫీ రోడ్డు మీద కాదు, చౌరస్తాల్లో. ఒక ప్రవాహాన్ని మరొకటి అడ్డంగా కోసే చోట. బొల్లారం చౌరస్తా, బాచుపల్లి చౌరస్తా, గండిమైసమ్మ - రద్దీ పేర్లన్నీ కూడళ్ల పేర్లే కావడం ఇందుకే. పైగా కర్మాగారాల్లో ఆరు, రెండు, పది గంటల షిఫ్టులతో పాటు జనరల్ షిఫ్టు కూడా ఉంటుంది. అది తొమ్మిది ప్రాంతంలో మొదలై, కార్యాలయాల వేళతోనూ బడి బస్సుల వేళతోనూ ఢీకొంటుంది. వీటి నడుమ ముడిసరుకు లారీలు, నీళ్ల ట్యాంకర్లు, వ్యర్థజలాల ట్యాంకర్లు. భూగర్భ జలం పాడయింది గనుక నీళ్లు బండి మీద రావాలి, వాగు పాడయింది గనుక వ్యర్థం బండి మీద పోవాలి. ఒకే పాపం రోడ్డు మీద రెండు ట్యాంకర్లుగా తిరుగుతోంది.

రోడ్డు వెడల్పు చేస్తే సరిపోదా అని అడిగేవారికి ప్రపంచమంతటా ఒకే అనుభవం జవాబుగా ఉంది. కొత్తగా తెరిచిన జాగాను కొత్త కార్లు వచ్చి నింపుతాయి. దానిని నమ్ముకొని మరింత దూరంలో ఇళ్లు కడతారు, అక్కడినుంచి మరిన్ని కార్లు వస్తాయి. యాభై మందిని మోసే బస్సు రోడ్డు మీద రెండు మూడు కార్ల చోటు తీసుకుంటుంది. ఆ రెండు మూడు కార్లలో అయిదారుగురు ఉంటారు. అంటే రద్దీ జనం వల్ల రావడం లేదు. జనంలో కొద్దిమంది తీసుకొనే చోటు వల్ల వస్తోంది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున ఎనిమిది వరుసల ఔటర్ రింగు రోడ్డు కట్టారు. అది బొల్లారానికి చేరువగా సుల్తాన్‌పూర్ దగ్గర దిగుతుంది. ఆ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలకూ, ఆటోలకూ ప్రవేశం లేదు. వేగం ఎక్కువ గనుక భద్రత కోసమే నిషేధమని చెబుతారు, అందులో నిజం లేకపోలేదు. ఫలితం మాత్రం ఇది: ఆ ప్రాంతంలో అత్యధిక కార్మికులు ఎక్కే రెండు రకాల బండ్లూ ఆ రోడ్డు కింది నుంచే పోవాలి. 2017 నవంబరులో మెట్రో రైలు మియాపూర్ దాకా వచ్చి ఆగింది. అక్కడినుంచి పటాన్‌చెరుకు 13 కిలోమీటర్ల పైచిలుకు పొడిగింపును రాష్ట్ర ప్రభుత్వం 2024లో రెండో దశ ప్రతిపాదనల్లో చేర్చింది. ఆ గీత జాతీయ రహదారి వెంట పోతుంది గాని బొల్లారం వైపు తిరగదు.

బస్సు సంగతి కొంత నిలిచి మాట్లాడవలసింది. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా శాఖ మన ఆర్.టి.సి.కి మూలపురుషుడు. పటాన్‌చెరు నుంచి కోఠీకి 218, సికింద్రాబాదుకు 219 - ఈ నెంబర్లు ఆ దారి మనుషులకు ఊరి పేర్లంత పరిచయం. ఉమ్మడి ఆస్తిగా మిగిలిన కొద్ది వాటిలో బస్సు ఒకటి. 2019 చివరి సమ్మె తరువాత నగరంలో బస్సుల సంఖ్య తగ్గించారు; వదిలిన చోటును షేర్ ఆటోలు ఆక్రమించాయి. 2023 డిసెంబరు 9 నుంచి స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమయింది. దీన్ని ఎన్నికల తాయిలమని ఎగతాళి చేసిన మధ్యతరగతి మేధావులున్నారు. వాళ్లు మందుల కంపెనీల్లో ప్యాకింగు పనికి పోయే స్త్రీల వైపునుంచి ఒక్కసారి లెక్క వేసి ఉంటే బాగుండేది. రోజుకు నలభై రూపాయలు ఆటోకు పోతాయనుకొన్నా 26 రోజులకు 1040 రూపాయలు. ఏ వేతన సవరణ సంఘమూ ఒక్క కలంపోటుతో అంత పెంచదు. అయితే ఉచితం బస్సుకే గాని, బస్సు రాని చోటికి కాదు. రాత్రి పది గంటల షిఫ్టు దిగినప్పుడు బస్సుండాలి, అప్పుడే ఆ హక్కుకు అర్థం.

పనికి పోయే దారి ఒకటయితే, కాగితం కోసం పోయే దారి మరొకటి. ఈ.ఎస్.ఐ. ఆసుపత్రికి రామచంద్రాపురమో సనత్‌నగరమో పోవాలి. జిల్లా కార్యాలయాలకు సంగారెడ్డి పోవాలి. సర్కారు కార్యాలయం తెరిచేది పదిన్నరకు, మూసేది అయిదింటికి, అంటే కార్మికుడు గేటు లోపల ఉన్నంతసేపు అది తెరిచి ఉంటుంది. సంతకం కావాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. సంతకం చేయవలసిన అధికారి ఆ రోజు లేకపోతే రెండో రోజు కూడా.

దారి ఎవరిదో 2020లో పరీక్షకు నిలిచింది. ఆ మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు మాదాపూర్ కార్యాలయాలు ఇళ్లకు తరలిపోయాయి. కంప్యూటరు బల్ల మీద ఎక్కడ పెడితే అక్కడే కార్యాలయం. మందుల ఉత్పత్తి అత్యవసరం గనుక ఆ కర్మాగారాలకు మినహాయింపు ఇచ్చారు. రియాక్టరును ఇంటికి తీసుకుపోలేరు గదా! ఏళ్ల తరబడి నిండి పొర్లిన రోడ్డు ఒక్కసారి ఖాళీ అయింది. ఆ రోడ్డు మీద పోవడానికి కార్మికుడికి బస్సు లేదు. సిటీ బస్సులు సెప్టెంబరు చివరి దాకా డిపోలు దాటలేదు. కంపెనీ బస్సుకు హక్కున్న పర్మినెంటు మనిషి పోయాడు. హక్కులేని కాంట్రాక్టు మనిషి పాసు పట్టుకొని పోలీసుల ముందు నిలబడ్డాడు, లేదా గదిలోనే పడి ఉన్నాడు, లేదా స్వగ్రామానికి నడిచాడు. రోడ్డును నింపింది ఎవరో, రోడ్డు ఎవరికి అత్యవసరమో ఆ ఆరు నెలలు విడదీసి చూపించాయి. లాక్‌డౌన్ మీద మనకు వచ్చిన కవిత్వంలో ఇంటికి నడిచిన వలసకూలీ ఉన్నాడు. ఉండవలసిందే. పనికి నడిచిన కార్మికుడు మాత్రం పెద్దగా కనిపించడు.

దీనికి కారణం మన కవిత్వ సంప్రదాయంలోనే కొంత ఉందనిపిస్తుంది. మహాప్రస్థానం నాటినుంచి అభ్యుదయ కవికి దారి అంటే ముందుకు పోయేది, ప్రజలు కదం తొక్కేది. అది గొప్ప ప్రతీక. దాని వేడిలో రెండు తరాలు పెరిగాయి. కాని ప్రతీక బలపడినకొద్దీ అసలు రోడ్డు కనుమరుగయింది. రోజూ పోయి రోజూ అదే చోటికి తిరిగివచ్చే దారి, ఎవరూ కదం తొక్కలేనంత ఇరుకు దారి మన పద్యాల్లో ఇమడలేదు. మఖ్దూం మొహియుద్దీన్ 1908లో పుట్టిన అందోలు ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోనిదే. అందోలు, జోగిపేటల నుంచి హైదరాబాదుకు వచ్చే దారి నేటికీ సంగారెడ్డి, పటాన్‌చెరుల మీదుగానే సాగుతుంది. కవీ, కార్మిక నాయకుడూ ఒకే మనిషయిన ఆయన పుట్టిన జిల్లాలో నలభై ఏళ్లుగా ఇంత పెద్ద పారిశ్రామిక వలయం ఉంది. దాని మీద మన కథాసాహిత్యం ఇంత పలచగా ఉండటం ఆశ్చర్యం. సింగరేణి మీద అల్లం రాజయ్య వంటి వారు రాశారు. అక్కడ గని ఊరి మధ్యనే ఉంది, కార్మికుడు ఊరి మనిషి, రచయితా ఆ ఊరివాడే. బొల్లారం కార్మికుడు పని ఒకచోట, పడక ఒకచోట, ఓటు మరొకచోట ఉన్నవాడు. అతని గురించి రాయాలంటే ఆ మూడు చోట్లనూ కలిపే దారిని రాయక తప్పదు. ఆ దారి మీద దృశ్యాలకు కొదవ లేదు. షేర్ ఆటోలో మోకాళ్లు తగిలేటంత దగ్గరగా కూర్చొని కూడా ఒకరి కంపెనీ ఒకరు చెప్పుకోరు, మేస్త్రీకి తెలుస్తుందని. కంపెనీ బస్సు కిటికీ దగ్గర పర్మినెంటు మనిషి, అదే బస్సును దాటిపోతున్న ఆటో వెనక వేలాడుతున్న కాంట్రాక్టు మనిషి - ఇద్దరూ ఒకే రియాక్టరు దగ్గర పనిచేసేవారే.

దారి పనిలో భాగమా కాదా అన్న ప్రశ్నను సాహిత్యం కన్నా చట్టం ముందు వేసుకొంది. గని కార్మికుల విషయంలో ఇది పాత తగాదా. గనిలోకి దిగే పంజరంలో కాలు పెట్టిన క్షణం నుంచి పైకి వచ్చి దిగే దాకా పనికాలమేనని 1931 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం లెక్క కట్టింది. 1944లో అమెరికా సుప్రీంకోర్టు భూగర్భంలో నడిచే సమయం కూడా పనేనని తీర్పిస్తే, బాకీ దావాలు వెల్లువెత్తి యజమానులు గగ్గోలు పెట్టారు. 1947లో కాంగ్రెసు చట్టం చేసి దారి సమయాన్ని మళ్లీ కూలి లెక్క నుంచి తీసేసింది. వాదం ఎంత సూక్ష్మమైనా దాని వెనక డబ్బు స్థూలంగానే ఉంటుంది.

మన దేశంలో ఈ ప్రశ్న కూలి రూపంలో కాక గాయం రూపంలో కోర్టుకు వచ్చింది. 1971 జూన్ 26న కేరళలోని కొరట్టిలో ఒక కార్మికుడు సైకిల్ మీద పనికి పోతున్నాడు. షిఫ్టు సాయంత్రం నాలుగున్నరకు. వేళ నాలుగుంబావు. కర్మాగారం ఇంకా కిలోమీటరు దూరం. ఒక లారీ గుద్దింది, కాలర్ ఎముక విరిగింది. ఆ లారీ అతని యజమానిదే. ఇది ఉద్యోగ సంబంధమైన గాయమా కాదా అని పాతికేళ్లు వాదించుకొన్నారు. 1996లో సుప్రీంకోర్టు కాదని తేల్చింది. రోడ్డు మీద పోయేటప్పుడు అతను ఉద్యోగంలో ఉన్నట్లు కాదట. ఒక కథకుడు ఈ వివరాలు కల్పించి ఉంటే, యజమాని లారీయే గుద్దడం మరీ అతిగా ఉందని మన విమర్శకులే కొట్టిపారేసేవారు.

2010లో ఈ.ఎస్.ఐ. చట్టానికి సవరణ వచ్చింది. ఇంటినుంచి పనికి, పనినుంచి ఇంటికి పోయే దారిలో జరిగిన ప్రమాదం, వేళకూ చోటుకూ ఉద్యోగంతో సంబంధముంటే, ఉద్యోగంలో జరిగినట్లే లెక్క అని అందులో రాశారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ సూత్రం చేరింది. వీటి ఫలం కాగితం మీద పేరున్న కార్మికుడికి. గుత్తేదారు పుస్తకంలో పేరు ఎక్కని మనిషికి ముందు తాను కార్మికుణ్ణని రుజువు చేసుకోవడమే ఒక వ్యాజ్యం.

ఈ లోగా మహారాష్ట్ర నుంచి మరో కేసు పైకి వచ్చింది. ఒక చక్కెర కర్మాగారంలో కాపలాదారు. అతని డ్యూటీ తెల్లవారుజామున మూడింటికి మొదలై పగలు పదకొండింటికి ముగుస్తుంది. 2003 ఏప్రిల్ 22న ఆ డ్యూటీకి బయలుదేరి, కర్మాగారానికి అయిదు కిలోమీటర్ల దూరంలో రోడ్డు మీద చనిపోయాడు. హైకోర్టు పరిహారం కొట్టేసింది. 2025 జులై 29న సుప్రీంకోర్టు దాన్ని తిప్పివేస్తూ అడిగిన ప్రశ్నలు మన కథకుడు అడగవలసినవే: అతను ఏ వేళకు బయలుదేరాడు, ఏ దారిన పోతున్నాడు, ఆ వేళప్పుడు ఆ దారిన పోవడానికి డ్యూటీ తప్ప మరో కారణం ఏముంది? తెల్లవారుజామున మూడు గంటల పనికి సకాలంలో చేరడానికే పోతున్నాడు గనుక ఆ మరణం ఉద్యోగంలో జరిగినట్లేనని తీర్పు చెప్పింది. అప్పటికి ఆ కుటుంబం ఇరవై రెండేళ్లుగా ఎదురుచూస్తోంది.